రాజీనామాలో రాసే ఒక్క మాట

గౌరవనీయులైన సంపాదకులకు,

ఈ లేఖను నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. కలం పట్టుకుని పది వరుసలు రాయడం ఇప్పుడు నా వల్ల కాదు. నలభై ఎనిమిదో ఏట నాకు పార్కిన్సన్స్ జబ్బు బయటపడింది. యంత్ర భాగాలు తయారుచేసే ఒక ప్రైవేటు కర్మాగారంలో కొలతల తనిఖీ నా పని. మైక్రోమీటరుతో వెంట్రుకవాసి తేడాను పట్టుకోవాలి. చేయి వణకడం మొదలయ్యాక ఒకే భాగాన్ని మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు వచ్చేవి. ఎడమ చేత్తో కుడి మణికట్టును గట్టిగా పట్టుకుని ఏడాదిన్నర నెట్టుకొచ్చాను.

సెలవులన్నీ అయిపోయాక కార్యాలయానికి పిలిచి తెల్ల కాగితం ముందు పెట్టారు. ‘వ్యక్తిగత కారణాల వల్ల అని రాయండి, లెక్కలు త్వరగా తేలిపోతాయి’ అన్నారు. అన్న మనిషి చెడ్డవాడు కాదు, నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. ఆ కాగితం నకలు నా దగ్గర ఉంది. మొదటి వరుసలో అక్షరాలు మామూలుగానే ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ చిన్నవై, సంతకం దగ్గర చీమల బారులా కుంచించుకుపోయాయి. రాత అలా చిన్నబోవడం నా జబ్బు లక్షణమని తర్వాత డాక్టరుగారు చెప్పారు. అంటే నేను ఎందుకు ఉద్యోగం మానేస్తున్నానో ఆ కాగితం మీది ప్రతి అక్షరమూ చెబుతూనే ఉంది. కారణం దగ్గర మాత్రం ‘వ్యక్తిగతం’ అని ఉంది.

ఆ ఒక్క మాట ఎంత నష్టం తెస్తుందో చెప్పాలనే ఈ లేఖ.

భవిష్య నిధి (పీఎఫ్) కింద నా సర్వీసు ఎనిమిదేళ్ల ఏడు నెలలు. పదేళ్లు నిండనిదే పింఛను రాదని అందరూ అన్నారు. నేనూ నమ్మి, పింఛను ఖాతాలో ఉన్న సొమ్మును 10సి ఫారంతో ఒక్కసారిగా తీసేసుకున్నాను. ఉద్యోగుల పింఛను పథకం 1995లో 15వ పేరా ఒకటి ఉందని అప్పటికి నాకు తెలియదు. ఉద్యోగంలో ఉండగా శాశ్వతంగా, పూర్తిగా అశక్తుడైన సభ్యుడికి పదేళ్ల నిబంధన వర్తించదు. ఒక్క నెల చందా కట్టి ఉన్నా జీవితాంతం నెలనెలా పింఛను వస్తుంది. ‘పూర్తిగా అశక్తుడు’ అంటే మంచం పట్టినవాడని చాలామంది అనుకుంటారు. వైద్య పరీక్షలో తేల్చవలసింది అది కాదు. అప్పటిదాకా చేస్తున్న పనికి ఆ మనిషి శాశ్వతంగా పనికిరాకుండా పోయాడా అన్నదే అక్కడ ప్రశ్న. వణికే చేతికి మైక్రోమీటరు ఇచ్చి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు ఒక్క నిమిషంలో దొరికేది.

జీతాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగించడం పింఛను లెక్క. ఆ లెక్కలో జీతానికి ఉన్న 15,000 రూపాయల పరిమితి మీద తొమ్మిదేళ్లకు లెక్కవేసినా నెలకు 1,900 పైచిలుకే. పెద్ద మొత్తమేమీ కాదని నాకు తెలుసు. కానీ నెల మొదట్లో తప్పకుండా వచ్చే డబ్బు విలువ జీతం ఆగిపోయిన ఇంటికి తెలుస్తుంది. పైగా నా తర్వాత నా భార్యకు వితంతు పింఛను కూడా దీని నుంచే రావాలి. సొమ్ము తీసేసుకోవడంతో ఆ దారి కూడా మూసుకుపోయింది.

ఉద్యోగం ముగిసినప్పుడు సంస్థ ఒక్కసారిగా ఇచ్చే గ్రాట్యుటీ విషయమూ ఇంతే. నాకు అయిదేళ్లు దాటాయి కనుక ఇబ్బంది లేకుండా వచ్చింది. రెండేళ్ల సర్వీసుతో కిడ్నీలు పాడై ఇంటికి చేరిన కుర్రవాడికి ఎవరు చెబుతారు? మరణం వల్లగానీ అశక్తత వల్లగానీ ఉద్యోగం ముగిస్తే అయిదేళ్లు నిండనవసరం లేదని 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోనే రాశారు. ప్రమాదం వల్లే కాదు, జబ్బు వల్ల వచ్చిన అశక్తత కూడా అందులోకి వస్తుంది. దాని స్థానంలో వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ మినహాయింపు ఉంది. అయిదేళ్లలోపు భవిష్య నిధి సొమ్ము తీసుకుంటే ఆదాయపు పన్ను పడుతుంది, అనారోగ్యం వల్ల ఉద్యోగం పోయినవారికి మాత్రం పడదు. కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐలో కనీసం అయిదేళ్లు బీమాలో ఉండి ముందస్తు విరమణ తీసుకున్నవారికి, ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగే వీలుంది. ‘వ్యక్తిగత కారణాలతో రాజీనామా’ అని రాసి ఇచ్చిన మనిషి వీటిలో ఏది అడగాలన్నా ముందు తన రాతతో తానే వాదించుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగి సంగతి వేరు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే అతణ్ణి తొలగించకూడదు, హోదా తగ్గించకూడదు అని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. చేస్తున్న పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. అలాంటి పని ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అందులో ఉంచాలి. ఎంతో మానవత్వమున్న నిబంధన అది. పార్కిన్సన్స్ ఆ చట్టం గుర్తించిన వైకల్యాల జాబితాలో ఉంది కూడా. అయితే ఈ రక్షణ ప్రభుత్వ సంస్థల వరకే. ప్రైవేటులో పరిస్థితి తలకిందులు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో రిట్రెంచ్‌మెంటుకు, అంటే ఉద్యోగిని తీసేయడానికి, ఇచ్చిన నిర్వచనం చదివి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. పని లేదని తీసేస్తే కార్మికుడికి పరిహారం ఇవ్వాల్సి ఉండేది. దీర్ఘకాలిక అనారోగ్యం పేరుతో తీసేస్తే అది రిట్రెంచ్‌మెంటే కాదట, కాబట్టి ఆ పరిహారమూ ఉండేది కాదు. ఎక్కువ అవసరమున్న వాడికి తక్కువ ఇవ్వడం ఏ న్యాయమో పెద్దలు చెప్పాలి.

చేతికొచ్చిన డబ్బు సంగతి కూడా రెండు మాటలు చెప్పాలి. భవిష్య నిధి సొమ్ము రాగానే ఇంటి అప్పు మొత్తం తీర్చేద్దామని నేను పట్టుబట్టాను. నా భార్య ఒప్పుకోలేదు. రెండేళ్ల మందుల ఖర్చు ముందు పక్కన పెట్టించి, మిగిలినదే అప్పుకు కట్టనిచ్చింది. ఆమె మాట వినడం వల్లే నిలబడ్డాం. జీవిత బీమా ప్రీమియం ఆపేద్దామనుకున్నప్పుడూ ఆమే అడ్డుపడింది. జబ్బు బయటపడ్డాక కొత్త పాలసీ ఎవరిస్తారు? సంస్థ ఇచ్చే సామూహిక ఆరోగ్య బీమాను అదే కంపెనీలో సొంత పాలసీగా మార్చుకునే వీలు ఉంటుంది, కానీ ఉద్యోగం వదిలేనాటికే అడగడం మంచిది. నేను అడగలేదు. కొత్తగా పాలసీ తీసుకుంటే పాత జబ్బుకు మూడేళ్ల దాకా వేచి ఉండవలసి రావచ్చు. ఇక బ్యాంకులో నా సంతకం పాతదానితో సరిపోలేదని ఫారాలు రెండుసార్లు వెనక్కి వచ్చాయి. సంతకం చేయలేని రోగి వేలిముద్ర వేయవచ్చని, ఇద్దరు సాక్షుల్లో ఒకరు బ్యాంకు అధికారి అయి ఉండాలని రిజర్వు బ్యాంకు సూచనలు ఉన్నాయి. అవి ఉన్నాయని కౌంటరులో ఉన్న మనిషికి మా అమ్మాయి చెప్పవలసి వచ్చింది.

కొత్త పథకాలేవీ నేను అడగడం లేదు. ఉన్నవాటి గురించి అవసరమైన రోజున చెప్పే మనిషి కావాలి. దీర్ఘకాలం వైద్య సెలవులో ఉన్న ఉద్యోగి రాజీనామా ఇస్తే, అతనికి దక్కే హక్కులన్నీ తెలుగులో రాసిన కాగితం చేతికివ్వనిదే దాన్ని ఆమోదించకూడదని కార్మిక శాఖ ఉత్తర్వు ఇవ్వాలి. ఇంటికి తీసుకెళ్లి, నలుగురికీ చూపించుకుని, మనసు మార్చుకోవడానికి నెల రోజులైనా గడువుండాలి. 10సి ఫారం తీసుకునే ముందు భవిష్య నిధి కార్యాలయం ఒక్క ప్రశ్న వేయాలి: ‘మీరు అనారోగ్యం వల్ల మానేశారా?’ అవునంటే సొమ్ము చెల్లించకుండా ఆపి, వైద్య పరీక్షకు పంపాలి. 20వ సెక్షన్ రక్షణను కనీసం పెద్ద ప్రైవేటు సంస్థలకైనా విస్తరించాలి. నన్ను కొలతల తనిఖీ నుంచి తప్పించి రికార్డుల గదిలో కూర్చోబెట్టి ఉంటే ఇంకో అయిదేళ్లు పనిచేసేవాణ్ణి. మాట తడబడలేదు, లెక్క తప్పలేదు, వణికింది చేయి మాత్రమే.

నా రికార్డులో ఉద్యోగం మానేసిన కారణాన్ని సరిదిద్దమని పాత యాజమాన్యానికి రెండు ఉత్తరాలు పంపాను. జవాబు రాలేదు. మూడోది ఈ వారం పంపుతున్నాను, వైద్యుల పత్రాలతోపాటు నా రాజీనామా నకలు కూడా జతచేసి. ఈలోగా ఏ కర్మాగారంలోనైనా ఎవరి ముందైనా తెల్ల కాగితం పెట్టవచ్చు. అందుకని 15వ పేరా సారాంశాన్ని మీ పత్రికలో పెద్ద అక్షరాల్లో ఒక్కసారి వేయవలసిందిగా వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు