వార్షిక నివేదిక 2024–25: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మన కథా సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే కనుక సూటిగా విషయానికి వస్తాను. నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. గాజువాకవారు దూరమనీ, మధురవాడవారు ట్రాఫిక్ అనీ అన్నా, పకోడీలు ఉన్న రోజున హాజరు బాగానే ఉంది.

ఈ ఏడాది పనంతా రేవమ్మ చుట్టూనే తిరిగింది. కిందటి సమావేశంలో అనుకున్నట్టు, అందరం కలిసి ఒక మృత్యుదేవతనూ ఆమెను కొలిచే మతాన్నీ కల్పించి కథలు రాశాం. ముందు కాస్త చదువుకున్నాం. భారతంలో మృత్యువు స్త్రీయే. ప్రాణులను చంపమని బ్రహ్మ అంటే ఏడ్చింది, నావల్ల కాదని తపస్సుకు పోయింది. ఆ కన్నీళ్ళే రోగాలవుతాయి, నీకు పాపం అంటదు అని బ్రహ్మ సర్దిచెప్పాడు. అభిమన్యుడు పోయిన దుఃఖంలో ఉన్న ధర్మరాజుకు వ్యాసుడు చెప్పిన కథ ఇది. సుమేరియన్ల పాతాళ రాణి ఎరెష్కిగాల్ సొంత చెల్లెల్ని కూడా వదల్లేదు. ఏడు గుమ్మాల దగ్గరా ఒక్కొక్క నగా బట్టా ఒలిపించి గానీ లోపలికి రానివ్వలేదు. ఋగ్వేదంలో వినాశ దేవత నిరృతిని దూరంగా పొమ్మనే వేడుకుంటారు. ఈ ప్రసంగాలు చేసిన మన రిటైర్డ్ మాస్టారికి ధన్యవాదాలు. టీ చల్లారిపోయినా ఆయన ఆపలేదు, మేమూ ఆపమనలేదు.

భయపెట్టే దేవత వద్దని మొదటిరోజే తీర్మానించాం. రేవమ్మ ఎవరినీ చంపదు, వచ్చినవాళ్ళను తెప్ప ఎక్కిస్తుంది, అంతే. గుడి లేదు, హుండీ లేదు, కోరికలు కోరకూడదు. తెప్ప దగ్గర నిలబడే సరంగు ఒక్కటే అడుగుతాడు: ‘ఎవరికైనా బాకీ ఉన్నావా?’ ఉంటే, వెనక మిగిలినవాళ్ళు అది తీర్చేదాకా తెప్ప కదలదు. బాకీ అంటే డబ్బే కానక్కర్లేదు. ఒక సభ్యురాలి కథలో, అత్తగారు కోడలికి చెప్పకుండా పోయిన ఒక్క మంచిమాట కోసం తెప్ప మూడు రోజులు ఆగిపోయింది. పూజ ఎవరికి వారే చేసుకోవడం, నెత్తిన కప్పు లేకపోవడం బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర చూసి తీసుకున్నాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం ఉన్న 61 రోజులూ సముద్రం మీద అమ్మకు సెలవు అన్న ఊహ మాత్రం ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసే మన సభ్యుడిది. వచ్చిన ఊహలన్నిటిలో నాకు బాగా నచ్చింది అదే.

ప్రదర్శన బీచ్‌లో పెట్టాలనుకున్నాం. అనుమతి కోసం ఉపాధ్యక్షురాలు గారూ నేనూ ఒక కార్యాలయం చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం. ‘ఇది మతమా, కల్చరలా?’ అని ఒకరు. ‘లేని దేవతకు ఏ హెడ్ కింద పర్మిషన్ ఇవ్వమంటారు?’ అని ఇంకొకరు. ఫైలు ఇప్పటికీ అక్కడే ఉంది. చివరికి ద్వారకానగర్‌లో ఒక హాలు తీసుకున్నాం. పెదజాలరిపేట పెద్దాయన ఒకరు పాత తెప్ప దుంగలు ఊరికే ఇచ్చి, తాడు ఎలా కట్టాలో కూర్చుని నేర్పారు. ఒక కొస ముడి వేయకుండా వదిలేశాం, రేవమ్మ గుర్తు అదే.

నాటిక అయ్యాక ఒకావిడ చెప్పులు విప్పి స్టేజీ ఎక్కారు. పర్సులోంచి కుంకుమ పొట్లం తీసి దుంగకు బొట్టు పెట్టారు, పది రూపాయల బిళ్ళ పెట్టారు. ‘ఈ అమ్మ గుడి ఎక్కడ బాబూ?’ అన్నారు. ఇది కథమ్మా, మేమే రాసుకున్నాం అన్నాను. ‘రాసుకుంటే ఏం? మా ఆయన చీటీ డబ్బులు ఒకరికి ఇవ్వకుండానే పోయారు. రేపు వెళ్ళి ఇచ్చేస్తాను’ అని దిగిపోయారు. ఆవిడ వెనక వరస కట్టారు. ఆపడం మావల్ల కాలేదు. ఆ సాయంత్రం చూడనివాళ్ళు నిజంగా పోగొట్టుకున్నారు.

చూడనివాళ్ళు చాలామందే ఉన్నారు. వాట్సాప్‌లో బొటనవేలు చూపించినవారంతా వస్తే హాలు పట్టేది కాదు. కుర్చీలు మోసింది అధ్యక్షులవారు, వారి వయసు మీకు తెలుసు. వచ్చే ఏడు పేరిచ్చేవారు దయచేసి మనిషిని కూడా పంపండి.

లైట్లు అద్దె లేకుండా ఇచ్చిన షాపువారికి, ఎర్ర చీర ఇచ్చిన సభ్యురాలికి, పులిహోర చేసి తెచ్చిన అక్కయ్యలకు, సరంగు వేషం వేసి మీసం ఊడినా డైలాగు తప్పని తమ్ముడికి, ప్రూఫులు దిద్దిన మాస్టారికి, పేరు మరిచిపోయినవారుంటే వారికీ సంఘం తరఫున ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారి దగ్గర ఉంది, కావలసినవారు చూడవచ్చు. హాలు అద్దె వల్ల కొంచెం లోటు వచ్చింది, చందా బకాయిలు వసూలైతే సరిపోతుంది. అప్పుల దేవతను కల్పించిన సంఘంలో చందాలు ఇంతింత బకాయి ఉండటం బాగోలేదు.

సమావేశం తేల్చాల్సినవి రెండు. తెప్ప మీద పడ్డ చిల్లర ఒక డబ్బాలో ఉంది. హుండీ వద్దని మనమే రాసుకున్నాం కనుక దాన్ని జమలో వేయడానికి కోశాధికారి గారు ఒప్పుకోవడం లేదు. ఇక తెప్ప మా ఇంటి మెట్ల కింద ఉంది. ఇల్లుగలాయన రోజూ అడుగుతున్నారు. స్థలం ఉన్నవారు ఈ ఆదివారంలోగా చెబితే ఆటో ఖర్చు సంఘం భరిస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి
విశాఖపట్నం