పాలు ఇంకిపోలేదు, కలెక్టర్ గారూ

ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. నేను టంగుటూరు మండలంలో ముప్పై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ టీచర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. సోమవారం గ్రీవెన్స్‌కు వచ్చి అర్జీ ఇద్దామనుకున్నాను. అక్కడ దొరికే రెండు నిమిషాల్లో ఈ సంగతి తెమలదు. అందుకే నలుగురూ చదివేలా ఇలా రాస్తున్నాను.

పోయిన వేసవిలో పనిమీద ఒక పొగాకు గ్రేడింగ్ షెడ్డుకు వెళ్లాను. చిన్నప్పుడు నా సెంటర్లో పలక పట్టుకుని కూర్చున్న పిల్ల ఒకతి అక్కడ ఆకు ఏరుతూ కనిపించింది. కాన్పయి రెండు నెలలు దాటింది. బిడ్డ ఇంట్లో అత్త దగ్గరుంది. పదకొండు గంటలయ్యేసరికి ఆ పిల్ల జాకెట్టు ముందంతా తడిసిపోయింది. పైట సర్దుకుని, మేస్త్రీ అటు తిరిగినప్పుడు చూసుకుని షెడ్డు వెనక్కి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. తల్లిపాలు ఎవరూ తొక్కకూడదంటారు కదా, వేపచెట్టు మొదట్లో పిండేసింది. వేళ్ల సందుల్లో పొగాకు జిగురు నల్లగా పట్టి ఉంది. ఏమీ మాట్లాడకుండా మళ్లీ వచ్చి తన చోట కూర్చుంది.

ఆ వేళకు ఇంటి దగ్గర అత్త గేదెపాలలో నీళ్లు కలిపి ఉగ్గుగిన్నెతో పడుతోంది. ఆమెను ఏమనగలం, బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఏదో ఒకటి పట్టాలి కదా. నెల తిరిగేసరికి ఆ పిల్ల నాతో అంది, "పాలు ఇంకిపోయినయ్ టీచరమ్మా" అని. అప్పటికే బిడ్డకు రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. గ్రోత్ కార్డు మీద పైకి ఎక్కాల్సిన గీత అడ్డంగా పాకింది.

నా సర్వీసులో ఈ మాట విన్నన్నిసార్లు ఇంకేదీ వినలేదు. పాలు ఇంకిపోయాయి, పాలు చాలట్లేదు, పాలు పడలేదు. నిజంగా పాలు రాని తల్లులూ ఉంటారు, కాదనను. కానీ ఈ పిల్లకు వచ్చాయి, జాకెట్టు తడిసేంతగా వచ్చాయి. తాగే నోరే దగ్గర లేదు.

గేదె ఉన్న ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు. కొత్తమనిషి పితకడానికి కూర్చుంటే అది చేపదు, అంటే పాలు పొదుగులోకి దించదు. దూడ వచ్చి పొదుగును కుమ్మితే చేపుతుంది. మనిషిలోనూ అంతే. బిడ్డ చప్పరిస్తుంటే తల్లి శరీరంలో ప్రొలాక్టిన్ అనే హార్మోను పాలు తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ అనేది వాటిని బయటికి తోస్తుంది, చేపు రావడమంటే అదే. తల్లికి భయమో టెన్షనో ఉంటే చేపు ఆగుతుంది. రొమ్ములో పాలు తీయకుండా అలాగే నిలవుంటే, ఇక చాలన్న కబురు లోపలికి అంది తయారీ తగ్గిపోతుంది. రోజుకు ఎనిమిది గంటలు తల్లీ బిడ్డా చెరో చోట ఉంటే నెలలో పాలు తగ్గక ఏమవుతాయి? దీనికి సొరచేప వండిపెట్టినా, వెల్లుల్లి కారం పెట్టినా లాభం లేదు.

గేదెపాలు పడితే ఏమైందంటారు కొందరు. చిక్కగా ఉంటాయి, బలం అంటారు. ఆ చిక్కదనమే ఇక్కడ ఇబ్బంది. గేదెపాలలో వెన్న ఏడు శాతం దాకా, మాంసకృత్తులు నాలుగు శాతం దాకా ఉంటాయి. తల్లిపాలలో మాంసకృత్తులు ఒక్క శాతమే. వెన్న మూడున్నర, నాలుగు శాతం. లాక్టోజ్ అనే చక్కెర మాత్రం ఏడు శాతం ఉంటుంది, పశువుల పాలకంటే ఎక్కువ. దూడ పుట్టిన రోజే లేచి నిలబడాలి, నెలన్నర రెండు నెలల్లో బరువు రెట్టింపు కావాలి. దాని పాలు దానికి తగ్గట్టు ఉంటాయి. మన బిడ్డ బరువు రెట్టింపు కావడానికి అయిదు నెలలు పడుతుంది. ఒళ్లు నిదానంగా పెరుగుతుంది, మెదడు మాత్రం మొదటి ఏడాదిలోనే సుమారు రెట్టింపవుతుంది. పైగా పశువుల పాలు పొట్టలో గట్టిగా విరుగుతాయి, పసివాడి మూత్రపిండాల మీద భారం వేస్తాయి. నీళ్లు కలిపితే ఆ భారం తగ్గుతుందేమో గానీ బలమూ తగ్గిపోతుంది. ఆ నీళ్లలో ఏముందో దేవుడికెరుక.

తల్లిపాలలో ఇంకో వింత ఉంది. బిడ్డకు అరగని చక్కెరలు కొన్ని, రెండు వందల రకాలకు పైగా, అందులో ఉంటాయి. లీటరుకు 5 నుంచి 15 గ్రాములు. బిడ్డకు అరగకపోతే ఎందుకున్నట్టు? అవి బిడ్డ పేగుల్లోని మంచి బాక్టీరియాకు మేత. అవి బలంగా పెరిగితే చెడ్డవాటికి చోటు దొరకదు. ఈ సంగతి ఒక ట్రైనింగులో విన్న రోజు మా టీచర్లం చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. బిడ్డతో పాటు బిడ్డ కడుపులోని ఆ మంచి బాక్టీరియాకు కూడా అమ్మే వండిపెడుతోంది!

ముర్రుపాల విషయంలో నేను కూడా చేతులు కడుక్కోలేను. ముర్రుపాలు తాగని దూడ దక్కదని ఈ ఒంగోలు గిత్తల సీమలో ఏ రైతైనా చెబుతాడు. అలాంటి ఇంట్లోనే నా మొదటి కాన్పులో మూడు రోజులు నా ముర్రుపాలు పిండి పారబోయించారు. బిడ్డ నాలుక మీద తేనె, ఆముదం రాశారు. నేను నోరు మెదపలేదు. ఆ పసుపుపచ్చటి పాలు చెంచాడే వస్తాయి. మొదటి రోజు బిడ్డ ఒక్కోసారి తాగేదీ కొంచెమే. ఆ చెంచాడులో తెల్ల రక్తకణాలు, విటమిన్ ఎ, లాక్టోఫెర్రిన్ అనే ప్రొటీను, రోగాలను అడ్డుకునే ఐజీఏ అనే యాంటీబాడీలు ఉంటాయి. ఈ ఐజీఏ పేగుల గోడకు పూతలా పట్టుకుంటుంది. తల్లి ఏ ఊళ్లో ఉందో, ఏ నీళ్లు తాగుతోందో, అక్కడి క్రిములను ఎదిరించే యాంటీబాడీలే ఆమె పాలలోకి వస్తాయి. కొండపి తల్లి పాలలో కొండపి రోగాలకు మందు ఉంటుందన్నమాట. డబ్బాపాలలో అది రాదు.

ఎండాకాలం మాట కూడా చెప్పాలి. ఒంగోలు ఎండలకు "గొంతు తడపండి" అని పెద్దవాళ్లు బిడ్డకు నీళ్లు పడతారు. తల్లిపాలలో నూటికి 87, 88 వంతులు నీళ్లే. ఆరు నెలల వరకు విడిగా చుక్క నీరు అక్కర్లేదు. నీళ్లు కావాల్సింది తల్లికి. మనమేమో పథ్యం పేరుతో బాలింతకే నీళ్లు తగ్గిస్తాం. పాలిచ్చేటప్పుడు మొదట వచ్చేవి పలచగా ఉంటాయి, రొమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ వెన్న పెరుగుతుంది. అందుకే హడావిడిగా అయిదు నిమిషాలు పట్టి లేచిపోతే చాలదు.

షెడ్డు యజమాని ఒకాయన నన్ను అడిగాడు, "పొగాకు పట్టుకున్న చేతులతో పాలివ్వడం మంచిదా అమ్మా?" అని. మంచి ప్రశ్నే. నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, పచ్చి ఆకు తడిగా ఉంటే ఇంకా ఎక్కువ. పాలలోకీ దిగుతుంది. కానీ పొగతాగే తల్లులను కూడా పొగ మానమంటారే గానీ పాలు మానమనరు డాక్టర్లు. చేతులు సబ్బుతో కడుక్కుని, దుమ్ముపట్టిన చీర మీద శుభ్రమైన గుడ్డ వేసుకుని ఇవ్వాలి. ఆయన షెడ్డులో సబ్బు లేదు. గ్లౌజులూ లేవు.

చట్టం లేక కాదు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా తల్లికి రోజుకు రెండు పాలిచ్చే విరామాలు ఇవ్వాలని ప్రసూతి ప్రయోజనాల చట్టంలో ఉండేది. 2017 సవరణలో సెలవు 26 వారాలైంది, యాభై మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. దాని స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ అవే మాటలున్నాయి. సెలవు జీతం రావాలంటే మాత్రం అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసినట్టు ఉండాలి. మేస్త్రీ వెంట సీజన్‌కు వచ్చే కూలి మనిషి పేరు ఏ రిజిస్టర్లో ఉంటుంది? ఇక కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలోనే పిల్లల్ని చూసుకునే ఏర్పాటుంది, అది ఆరు నెలలు నిండిన పిల్లలకు. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని మేం చెప్పే ఆ మొదటి ఆరు నెలలకే ఏ ఏర్పాటూ లేదు.

పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ దగ్గర పదిమందితో పని చేయించుకునే రైతును నేను అనడం లేదు, ఆయన బాధలు ఆయనకున్నాయి. వందలమంది ఆడవాళ్లు వరసగా కూర్చునే పెద్ద షెడ్డుల గురించి చెబుతున్నాను. సీజన్ మొదలయ్యే ముందు లేబర్ ఆఫీసరును, పొగాకు బోర్డు వాళ్లను, అంగన్‌వాడీలను చూసుకునే మా సీడీపీవోను ఒకచోట కూర్చోబెట్టండి. ప్రతి పెద్ద షెడ్డు దగ్గర దుమ్ము రాని చోట ఒక గది, కుళాయి, సబ్బు, ఫ్యాను పెట్టించండి. పూటకు అరగంట, కూలి కోత లేకుండా ఇప్పించండి. గది కట్టడానికి టైం పడుతుందంటే, దగ్గరున్న అంగన్‌వాడీలోనే ఒక మూల ఊయల కట్టి, అత్తనో అమ్మనో బిడ్డతో కూర్చోనివ్వండి, తల్లి నడిచి వచ్చి పాలిచ్చి వెళ్తుంది. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మా టీచర్లు ఒప్పుకోరని అంటారేమో, నేను నలుగురిని అడిగాను, మీ దగ్గర్నుంచి ఒక కాగితం ఉంటే చాలన్నారు.

తనిఖీకి వచ్చేట్టయితే ముందుగా కబురు పెట్టకండి. పదకొండు గంటలకు రండి, షెడ్డు వెనక వేపచెట్టు దగ్గరికి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్,
టంగుటూరు మండలం