జెల్ దిమ్మెలో చూడాల్సింది తూటా లోతు

సంపాదకులు గారికి,

నమస్కారం. పిస్టల్ తూటాల పరీక్షపై ఇటీవల మీ విజ్ఞాన పేజీలో వచ్చిన వ్యాసాన్ని, దానితోపాటు వేసిన పెద్ద ఫొటోను చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. శరీర కండరానికి బదులుగా పరీక్షల్లో వాడే, అద్దంలా తేటగా ఉన్న జెల్ దిమ్మె లోపల తూటా వెళ్లిన దారి చుట్టూ ఉబ్బిన ఖాళీని ఆ ఫొటో చూపిస్తోంది. శరీరంలో తూటా చేసే విధ్వంసం ఇంత ఉంటుందన్న అర్థంలో దాని కింద ఒక వ్యాఖ్య ఉంది. వ్యాసం చాలావరకు సరిగానే ఉన్నా, ఆ ఒక్క వ్యాఖ్య పరీక్ష ఉద్దేశాన్నే తలకిందులు చేసింది.

తూటా దూసుకుపోతున్నప్పుడు తన దారిలోని జెల్‌ను పక్కలకు నెడుతుంది. ఆ తోపుకు జెల్ కొన్ని మిల్లీసెకన్లపాటు ఉబ్బి, తిరిగి దగ్గరకు వచ్చేస్తుంది. నిపుణులు తాత్కాలిక కుహరం అని పిలిచేది దీన్నే. సెకనుకు 700 మీటర్లకు మించిన వేగంతో వచ్చే రైఫిల్ తూటా విషయంలో ఈ సాగుడే అవయవాలను చీల్చగలదు. పిస్టల్ తూటాల వేగం ఎక్కువగా 250 నుంచి 400 మీటర్ల మధ్యే ఉంటుంది కాబట్టి, సాగే గుణమున్న కండరం, ఊపిరితిత్తి వంటివి ఆ తోపును చాలావరకు తట్టుకుని యథాస్థితికి వస్తాయి; కాలేయం, మెదడు వంటి సాగని అవయవాల సంగతి వేరు. అందువల్ల పిస్టల్ తూటా చేసే గాయమంటే ప్రధానంగా అది స్వయంగా తాకి, నలిపి, చీల్చుకుంటూ పోయిన దారి మాత్రమే. ఆ దారి ఎంత లోతుకు వెళ్లింది, ఎంత వెడల్పుగా ఉంది అన్నవే లెక్కలోకి వస్తాయి. స్లో మోషన్ వీడియోలో కళ్లు చెదరగొట్టే ఆ ఉబ్బు ఈ రెండింటిలో ఏదీ కాదు.

ఈ పొరపాటు మీ వ్యాసంతో మొదలైనది కాదు. 1970లలో అమెరికా ప్రభుత్వ నిధులతో జరిగిన ఒక అధ్యయనం తాత్కాలిక కుహరం పరిమాణాన్నే ఆధారం చేసుకుని పోలీసు తూటాలకు ర్యాంకులు ఇచ్చింది. సహజంగానే తేలికగా, వేగంగా ఉండి, లోతుకు పోకుండానే పెద్ద ఉబ్బు పుట్టించే తూటాలకు అందులో మంచి మార్కులు పడ్డాయి. 1986 ఏప్రిల్ 11న అమెరికాలోని మయామీలో ఆ దేశ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఏజెంట్లకు, ఇద్దరు బ్యాంకు దోపిడీదారులకు మధ్య జరిగిన కాల్పులు ఆ ఆలోచనలోని లోపాన్ని బయటపెట్టాయి. ఒక 9 ఎంఎం తూటా నిందితుల్లో ఒకడి చేతిగుండా ఛాతీలోకి దిగి, ఊపిరితిత్తిని చీల్చి, గుండెకు సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఇవతల ఆగిపోయింది. తూటా ముక్కు దాని తయారీదారు అనుకున్నట్టే పువ్వులా విచ్చుకుంది. లోతు మాత్రం చాల్లేదు. ఆ గాయంతోనే అతను కాల్పులు కొనసాగించాడు. ఇద్దరు ఏజెంట్లు ప్రాణాలు కోల్పోయారు, ఐదుగురు గాయపడ్డారు.

ఈ రోజు ప్రపంచమంతా చెప్పుకొనే ఎఫ్‌బీఐ పరీక్షా పద్ధతి ఆ తర్వాత రూపుదిద్దుకున్నదే. తూటా జెల్‌లో కనీసం 12 అంగుళాలు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు దిగాలి. 18 అంగుళాలు దాటకూడదు. మనిషి ఛాతీ అంత మందం ఉండదు కదా అన్న సందేహం సహజం. కానీ ఎదురుగా, చేతులు అడ్డం లేకుండా నిలబడిన మనిషిని కొలతగా తీసుకోలేమని మయామీ ఘటనే చెప్పింది. పై హద్దు ఎందుకంటే, తూటా శరీరాన్ని దాటి వెనకున్న వాళ్లకు తగలకూడదు. ఒక్క దిమ్మె మీద ఒక్కసారి పేల్చి తీర్పు చెప్పడం ఈ పద్ధతిలో లేదు. ఏ అడ్డూ లేని జెల్‌తో మొదలుపెట్టి, మందపాటి దుస్తులు, ఉక్కు రేకు, జిప్సం గోడపలక, ప్లైవుడ్, కారు అద్దం అడ్డుపెట్టి, ఒక్కో దశలో ఐదేసి తూటాలు పేలుస్తారు. దుస్తుల పరీక్ష నిజానికి అన్నిటికంటే ఆసక్తికరం. హాలో పాయింట్ తూటా ముక్కున ఉండే గుంటలోకి తడి కణజాలం చొచ్చుకువచ్చినప్పుడే దాని అంచులు విచ్చుకుంటాయి. ముందుగా గుడ్డపోగులు ఆ గుంటలో కూరుకుపోతే అది విచ్చుకోకుండా, మామూలు గుండ్రటి ముక్కు తూటాలాగే చాలా లోతుకు దూసుకుపోవచ్చు. వట్టి జెల్‌లో బాగా విచ్చుకున్న తూటాయే డెనిమ్ గుడ్డ దాటాక అసలు విచ్చుకోకపోవడం పరీక్షల్లో తరచూ కనిపించే సంగతే.

ఇక జెల్ గురించి. ప్రామాణిక పరీక్షకు వాడేది జంతు చర్మం, ఎముకల నుంచి తీసిన జెలటిన్. బరువులో ఒక వంతు పొడికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, ఎక్కువ వేడి తగలనీయకుండా కరిగించి, బూజు పట్టకుండా కొన్ని చుక్కల దాల్చినచెక్క నూనె వేసి, అచ్చుల్లో పోసి 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరుస్తారు. అమెరికా సైన్యంలో గాయాలపై పరిశోధించిన సర్జన్ మార్టిన్ ఫ్యాక్లర్ ఈ పాళ్లనూ ఈ ఉష్ణోగ్రతనూ ఎంచుకోవడానికి కారణం, అందులో తూటా దిగే లోతు పంది కండరంలో దిగే లోతుకు సరిపోలడమే. అసలు తూటా కంటే ముందు, 4.5 మిల్లీమీటర్ల ఉక్కు గుండును సెకనుకు సుమారు 180 మీటర్ల వేగంతో ఎయిర్‌గన్‌తో ఆ దిమ్మెలోకి పేలుస్తారు. అది ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర సెంటీమీటర్ల మధ్య ఆగాలి. ఆ హద్దుల్లో ఆగకపోతే ఆ దిమ్మెలో వచ్చిన లోతులు రాళ్లు సరిచూడని త్రాసులో తూచిన బరువుల్లాంటివే. మీ ఫొటోలోని తేటదనాన్ని బట్టి అది నూనె ఆధారిత కృత్రిమ జెల్ అనిపిస్తోంది. అసలు జెలటిన్‌కు కొంచెం పసుపు రంగు, మసకదనం ఉంటాయి. కృత్రిమ జెల్‌కు ఫ్రిజ్ అవసరం లేదు, కరిగించి మళ్లీ వాడుకోవచ్చు, ప్రదర్శనకు చక్కగా పనికొస్తుంది. కానీ తూటా విచ్చుకునే తీరు, దిగే లోతు రెండూ అందులో వేరుగా వస్తాయి కాబట్టి, ఆ అంకెలను జెలటిన్ అంకెల పక్కన పెట్టి పోల్చడం సబబు కాదు.

పైగా ఏ జెల్‌లోనూ ఎముకలు, చర్మం, రక్తనాళాలు ఉండవు. రెండు తూటాలను ఒకే పరిస్థితుల్లో పోల్చడానికే అది పనికొస్తుంది తప్ప, ఫలానా మనిషి ఎంతసేపట్లో కూలిపోతాడో చెప్పదు. ఒక్క జెల్ వీడియోను చూపి తూటాకు మనిషిని అక్కడికక్కడే కూల్చే 'ఆపే శక్తి' గురించి గట్టిగా వాదించే వాళ్లను నేను అనుమానంగానే చూస్తాను.

కాబట్టి ఆ ఫొటో కింది వ్యాఖ్యను సవరించి, అందులో కనిపిస్తున్నది తాత్కాలిక కుహరమని స్పష్టం చేయాలని కోరుతున్నాను. ఇకముందు ఇలాంటి పరీక్షల గురించి రాసేటప్పుడు అది ఏ జెల్, ఎంత ఉష్ణోగ్రత వద్ద ఉంది, ఉక్కు గుండు పరీక్షలో ఎంత లోతు వచ్చింది, ముందు గుడ్డ ఉందా లేదా, ఎన్ని తూటాలు పేల్చారు అన్న వివరాలను రెండు వాక్యాల్లోనైనా ఇవ్వగలరు. అవి దొరకని పక్షంలో ఆ ఫలితాలను అంకెలతో సహా ప్రచురించకపోవడమే మేలు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు