ఏ గదికి ఏ తివాచీ: విశాఖలో ఉన్న అమ్మాయికి ఉత్తరం

హనుమకొండ

చి.ల.సౌ. అమ్మాయికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నేనూ నాన్నగారూ క్షేమం. మీ అత్తయ్యగారికి మా నమస్కారాలు, అల్లుడుగారికీ పాపకూ మా ఆశీస్సులు చెప్పు.

కొత్త ఇంట్లో హాలుకు, పడకగదులకు, వంటింటికి, చివరికి స్నానాలగది గుమ్మానికి కూడా ఒకే రంగు, ఒకే రకం తివాచీల సెట్టు కొనాలనుకుంటున్నానని, దాని మీద ‘పర్యావరణహితం’ అని రాసి ఉందని ఫోటోలు పంపావు. నీ ఉద్దేశం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే డబ్బు కట్టేముందు నా మాట కాస్త విను. ఒక తివాచీ భూమికి మేలు చేసేదా కాదా అన్నది చీటీ మీద ముద్రించిన మాటతో తేలదు. ఆ గదిలో పడే నీటికీ, నూనెకూ, ఎండకూ, రోజూ తొక్కే కాళ్లకూ తట్టుకొని అది ఎన్నేళ్లు నిలుస్తుంది, అంచు ఊడితే కుట్టించుకోగలమా, వాడకం తీరిపోయాక మట్టిలో కలుస్తుందా అన్న మూడు ప్రశ్నలతో తేలుతుంది. నారతో చేసినదైనా సరే, సరిపడని గదిలో వేసి ఏడాదికే బూజు పట్టి పారేయవలసివస్తే అది చెత్తే. అందుకే ఇల్లంతటికీ ఒకటే రకం అన్న ఆలోచననే ముందు పక్కన పెట్టమంటున్నాను.

నువ్వు పంపిన ఫోటోల్లో హాలుకు ఎంచుకున్నది చూడటానికి చాలా బాగుంది. వివరాల్లో మాత్రం ‘వెదురు పట్టు’ అని ఉంది. ఆ పేరుతో అమ్మేది పట్టు కాదు, నేరుగా వెదురు నార కూడా కాదు. వెదురు గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన విస్కోస్ దారం అది. తడిస్తే దాని బలం బాగా తగ్గిపోతుంది, నీటి చుక్క పడిన చోట మరక నిలిచిపోతుంది. పాప పాలగ్లాసు ఒలకబోసే ఇంట్లో అది ఎన్నాళ్లు ఉంటుంది చెప్పు? రెండోది, దాని వెనకవైపు ఫోటో పెద్దది చేసి చూశాను. తెల్లటి గుడ్డ అంటించి ఉంది. అంటే అది ముడులు వేసి నేసినది కాదు. గుడ్డలోకి దారాన్ని తుపాకీలాంటి సాధనంతో గుచ్చి, ఊడిపోకుండా లేటెక్స్ జిగురు పూసి, ఆ జిగురు కనబడకుండా మరో గుడ్డ అతికించే పద్ధతి. కొన్నేళ్లకు ఆ జిగురు ఎండి పొడి అవుతుంది. మన బంధువుల ఇంట్లో అలాంటి తివాచీని ఎత్తినప్పుడు కింద టైల్స్ మీద పసుపుపచ్చని పిండిలాంటిది పరుచుకొని ఉండటం నేను చూశాను. ఎన్నిసార్లు ఊడ్చినా మళ్లీ రాలుతూనే ఉండేది. దారమూ, జిగురూ, గుడ్డా ఒకదానికొకటి అతుక్కుపోవడంతో అలాంటిదాన్ని బాగుచేయడమూ కష్టమే, విడదీసి మళ్లీ వాడుకోవడమూ కష్టమే.

కాబట్టి దుకాణంలో ఏ తివాచీ చూపించినా ముందు తిరగేసి చూడు. చేతితో ముడివేసినదైతే ముందువైపు ఉన్న డిజైనే వెనకా స్పష్టంగా కనబడుతుంది, ఒక్కొక్క ముడీ వేలికి తగులుతుంది. చివరి కుచ్చులు పడుగు దారాలకు, అంటే నిలువు పోగులకు, కొనసాగింపుగా ఉంటాయే తప్ప విడిగా తెచ్చి కుట్టినట్టు ఉండవు. దారం విషయంలో అనుమానం ఉంటే ఒక పోగు అడిగి తీసుకొని, ఇంటి బయట పళ్లెంలో పెట్టి కాల్చి చూడు. ఊలైతే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది. పాలిప్రొపిలీన్, పాలియెస్టర్ వంటి ప్లాస్టిక్ పోగులైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

హాలుకు నా సలహా వరంగల్ జంపఖానా. మన ఊరిదని అనడం లేదు. మీ హాలు తీరును బట్టే అంటున్నాను. సముద్రానికి అంత దగ్గరగా ఉన్న ఇల్లు, గాలిలో ఎప్పుడూ తేమ, నేల మీద పాకే పాప, వచ్చిపోయే చుట్టాలు. ఇలాంటి చోట మందంగా, బొచ్చుతో ఉన్నదాని కంటే ఉతకగలిగే నూలుదే నయం. జంపఖానాలో పేకను, అంటే అడ్డపోగును, ఎంత గట్టిగా దిగ్గొడతారంటే పడుగు కనిపించనే కనిపించదు. రెండువైపులా ఒకే తీరుగా ఉంటుంది కనుక ఒక ముఖం మాసితే, వెలిస్తే తిరగేసి వేసుకోవచ్చు. అందులో జిగురు లేదు, అతుకు లేదు. అంచు దారం వీడితే నేతగాడు మళ్లీ కుట్టి ఇస్తాడు. మా అమ్మ వాడిన జంపఖానా అంచును వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడలో అలాగే కట్టించాను. రంగు వెలిసింది కానీ నేత ఇప్పటికీ చెక్కుచెదరలేదు. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతానికే చెందిన వస్తువన్న గుర్తింపు, కూడా వచ్చింది. అయినా ఆ పేరు పెట్టుకొని మరమగ్గాల మీద నేసిన పలుచటివి అమ్మేవాళ్లు లేకపోలేదు, కాబట్టి చేనేత గుర్తు ఉందో లేదో చూసి తీసుకోవాలి. పత్తి పంట నీటిని, పురుగుమందులను బాగానే మింగుతుందన్నది నిజమే. దాన్ని నేను దాచను. అందుకే నూలుది కొన్నామంటే దశాబ్దాలపాటు వాడాలి, మోజు తీరగానే మార్చకూడదు. రంగు నిలుస్తుందో లేదో తెలుసుకోవాలంటే తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్ది చూస్తే చాలు.

అల్లుడుగారికి ఊలు తివాచీ అంటే ఇష్టమని రాశావు. అయితే ఏలూరు వైపు చూడండి. మొగలుల కాలంలో పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ల చేతి విద్య అక్కడ స్థిరపడిందని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన మహాప్రదర్శనకు ఏలూరు తివాచీలు, వరంగల్ తివాచీలు కూడా వెళ్లాయి. ఊలు గుణం ఏమిటంటే, తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకొని కూడా చేతికి తడిగా అనిపించదు. నిప్పు తగిలినా సులువుగా అంటుకోదు. మొదటి కొన్ని నెలలు బొచ్చు రాలుతుంది, దానికి కంగారు పడనవసరం లేదు. చీడపురుగు మాత్రం చీకట్లో, కదలని చోట, సోఫా కింద చేరి ఊలును తినేస్తుంది. నెలకోసారి ఎత్తి, దులిపి, కాసేపు ఎండ తగలనివ్వడమే దానికి అసలు మందు. ఊలుది కొంటే పెద్ద పడకగదికి ఒక్కటి కొనండి, హాలుకు వద్దు.

ఊలు మాట వచ్చింది కనుక గొంగడి గురించి చెప్పకుండా ఉండలేను. తెలంగాణలో కురుమలు దక్కనీ నల్లగొర్రెల ఉన్ని కత్తిరించి, ఆడవాళ్లు వడికి, గుంట మగ్గాల మీద నేసేది అది. పడుగుకు చింతగింజల గంజి పెడతారు. ఉన్ని సహజంగానే నలుపు కాబట్టి రంగే అద్దరు. మాంసానికి బాగా పెరుగుతాయని ఊలు లేని ఎర్రగొర్రెల వైపు కాపరులు మళ్లడంతో దక్కనీ గొర్రె తగ్గిపోతూ వచ్చింది. ఆ ఉన్నికి కొనేవాళ్లు ఉంటేనే ఆ జాతీ, ఆ మగ్గమూ నిలుస్తాయి. గొంగడి కాస్త గరుకుగా ఉంటుంది, పాప ఒంటికి నప్పదు. మీ మంచం పక్కన కాళ్లు మోపే చోట పరిచి చూడు, దానికి సాటి వచ్చేది లేదు.

పాప గదికి తివాచీయే కొనవద్దు. నా పాత నూలు చీరలతో బొంత కుట్టించి పంపుతాను. ఎన్నోసార్లు ఉతికిన గుడ్డ కాబట్టి మెత్తగా ఉంటుంది, కొత్తగా దేన్నీ పండించనక్కరలేదు, మురికైతే వేడినీళ్లలో నానబెట్టి ఉతకవచ్చు. నోట్లో పెట్టుకోనిది లేని వయసు అది. ప్లాస్టిక్ పోగులు రాలే తివాచీ మీద పాకించడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

నువ్వు ముచ్చటపడ్డ జనపనార తివాచీ గురించి. జనపనారగానీ, దాన్ని పోలిన గోగునారగానీ ఎక్కువగా వర్షాధారంగా పండుతాయి, మందుల ఖర్చూ తక్కువే, ఆఖరున మట్టిలో కలుస్తాయి. మీ పక్కనే ఉన్న విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో గోగునార పండించిన రైతులు తరతరాలుగా ఉన్నారు. అందువల్ల ఆ నారంటే నాకూ అభిమానమే. కానీ తడి దానికి శత్రువు. తడిసి ఆరకపోతే గోధుమరంగు మరకలు తేలి, ముక్కవాసన వేస్తుంది. విశాఖ వర్షాకాలంలో వంటింటికీ, బాల్కనీకీ అది పనికిరాదు. అల్లుడుగారు పని చేసుకునే గదిలో, ఫ్యాను తిరుగుతూ కిటికీ తెరిచి ఉండే చోట మాత్రం హాయిగా వేసుకోవచ్చు.

గుమ్మం దగ్గరికి కొబ్బరిపీచు పట్టాను మించినది లేదు. పీచు గరుకుగా ఉండటంతో చెప్పుల ఇసుకంతా అక్కడే రాలుతుంది, తడికి త్వరగా కుళ్లదు. ఇసుక లోపలికి రాకపోతే హాలులోని జంపఖానా ఆయుష్షు కూడా పెరుగుతుంది, ఎందుకంటే తివాచీ దారాలను లోపలినుంచి కోసేది ఆ ఇసుకే. కింద ప్లాస్టిక్ అంటించనిది, పీచుతోనే పూర్తిగా అల్లినది అడిగి తీసుకో.

వంటింట్లో పొయ్యి ముందు చిన్న నూలు పట్టా ఒకటి చాలు. నూనె చిందే చోట, నిప్పురవ్వ పడే చోట కరిగిపోయే ప్లాస్టిక్ పోగుది వేయడం ప్రమాదం. స్నానాలగది ముందు గుడ్డపేలికలతో నేసిన పట్టాలు రెండు పెట్టుకొని, ఒకటి ఆరేలోపు ఇంకొకటి వేసుకో. పూజగదికి తుంగచాప. బాల్కనీకి ఏదీ వద్దు. వాన జల్లుకు, ఉప్పుగాలికి నిలిచేదంటూ అమ్మే ప్లాస్టిక్ రకాలు కూడా ఎండకు పెళుసెక్కి పొడిపొడిగా రాలతాయి. టైల్స్ తుడుచుకోవడమే సులువు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పడకగది నుంచి స్నానాలగదికి వెళ్లే దారిలో ఏ చిన్న పట్టానూ వదులుగా వేయకు. నున్నటి టైల్స్ మీద జంపఖానా జారుతుంది, రాత్రిపూట మీ అత్తయ్యగారు లేచి నడిచే దారి అది. హాలులో వేసేదాని కింద కూడా జారకుండా సహజ రబ్బరుతో చేసిన జాలీ పట్టా వేయించు. పీవీసీ ప్లాస్టిక్ జాలీ చవకగా దొరుకుతుంది కానీ వేడికి నేలకు అంటుకొని మరక వదులుతుంది.

పిల్లల చేత పని చేయించలేదని హామీ ఉన్న గుడ్‌వీవ్ ముద్ర గురించి అడిగావు. తివాచీల పరిశ్రమలో పిల్లల చేత పని చేయించడానికి వ్యతిరేకంగా బాలల హక్కుల ఉద్యమకారుడు కైలాష్ సత్యార్థి నడిపిన పోరాటం నుంచి, రగ్‌మార్క్ అన్న పేరుతో 1990ల్లో మొదలైంది అది. చేతితో ముడివేసిన తివాచీ కొంటే ఆ ముద్ర కోసం తప్పకుండా చూడు. భూమికి మేలు చేసి, నేసిన చేతికి అన్యాయం చేసే వస్తువు మన ఇంట్లో వద్దు.

ముందు హాలు కొలతలు పంపు. సోఫా ముందు కాళ్లు తివాచీ మీద ఉండేలా కొలవాలి, లేకపోతే అంచులు ముడుచుకుంటాయి. వెడల్పు ఎక్కువైతే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయవలసివస్తుంది, సమయమూ పడుతుంది. దసరాకు వచ్చేటప్పుడు తీసుకురావాలంటే ఈ వారంలోనే చెప్పాలి. రంగు నువ్వే ఎంచుకో, నేను కొత్తవాడకు వెళ్లి నూలు చూసి ఫోటోలు పంపుతాను. ఆ సెట్టుకు ఇంకా డబ్బు కట్టకపోతే కట్టవద్దు.

ఆశీస్సులతో,
మీ అమ్మ