ముసురు వదిలేదాకా బుట్ట ఇలాగే ఉంటుంది

అందరికీ నమస్కారం.

ఈ వారం మా తోట కూరగాయల బుట్ట తేలిగ్గా ఉంటుంది. వచ్చే వారం కూడా అంతే అనుకోండి. టమాటా లేదు, కొత్తిమీర లేదు, క్యాలీఫ్లవర్ వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఆకుకూరలకు ఇసుక అంటుకుని ఉంటుంది, వంకాయల మీద అక్కడక్కడా మచ్చలుంటాయి. బాపట్ల, చీరాల, గుంటూరుల్లో మా బుట్ట తీసుకునే ఇళ్లన్నిటికీ ఈ సంగతి ముందే చేరాలని రాస్తున్నాను. బుట్ట విప్పి చూసి "ఇదేంటమ్మా" అని ఫోన్ చేయడం మీకూ ఇబ్బందే, ఎత్తి సర్దిచెప్పడం నాకూ ఇబ్బందే.

కారణం మీ కిటికీలోంచీ కనపడుతూనే ఉంది. జ్యేష్ఠ కార్తెలో, అంటే డిసెంబరు మొదట్లో పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. పెద్ద వానైతే కురిసి పోతుంది, మర్నాడు ఎండ కాస్తుంది, పోయిందెంతో మిగిలిందెంతో లెక్క తేలిపోతుంది. ఇది అట్లా కాదు. పొద్దున తుంపర, మధ్యాహ్నం కాసేపు తెరిపి, చీకటి పడ్డాక మళ్లీ జల్లు, తెల్లారుజామున మంచు. ఆకు ఆరే సందే దొరకడం లేదు. నీళ్లు నిలిచి పోయే మొక్కల కన్నా ఆకు ఆరక పోయే మొక్కలే ఎక్కువ. తెగులు బూజుకి ఆకు మీద కొన్ని గంటలు తడి ఉంటే చాలు, మొలకెత్తి లోపలికి దిగిపోతుంది. ఆ తర్వాత ఏ మందు కొట్టినా పైపైనే.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు మా పందిళ్లన్నీ నేలమట్టమయ్యాయి. అది ఒక్క దెబ్బ. చూడ్డానికి చుట్టాలొచ్చారు, పంట నష్టం రాసుకోవడానికి మనుషులొచ్చారు, పాత కొనుగోలుదారులు కొందరు ముందుగానే డబ్బు పంపారు (ఆ మేలు మర్చిపోలేదు). ముసురుకి ఎవరూ రారు. రోజుకి కాస్త చొప్పున తినేసి పోతుంది, అంతే.

మాకున్న నేల రెండు రకాలని మీలో పాతవాళ్లకు తెలుసు. ఊరికి పడమరన రేగడి చెక్క, సముద్రం వైపు ఇసుక చేను. టమాటా, వంగ, మిరప, క్యాలీఫ్లవర్ రేగడిలో. ఆకుకూరలు, చిలగడదుంప, సొర, చిక్కుడు ఇసుకలో. ఎండాకాలం రేగడి మమ్మల్ని బతికిస్తుంది, ఇలాంటి రోజుల్లో ఇసుక బతికిస్తుంది.

రేగడిలో ఇప్పుడు అడుగు పెడితే చెప్పు రాదు, చెప్పు కోసం వంగితే కాలు రాదు. కోతకు వచ్చే ఆడవాళ్లు బోదెల మీద ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నడుస్తున్నారు. అంతకన్నా పెద్ద చిక్కు వేరుకి గాలి ఆడకపోవడం. మట్టి సందుల్లో గాలి ఉండాల్సిన చోటంతా నీళ్లు నిండితే వేరు ఊపిరాడక పనిచేయడం మానేస్తుంది, పైకి నీళ్లు లాగలేదు. చుట్టూ నీళ్లున్నా మొక్క మధ్యాహ్నానికి తల వాలుస్తుంది. కొత్తగా పనిలో చేరిన కుర్రాడు అది చూసి "నీళ్లు చాలలేదేమో అక్కా, మోటారు వెయ్యనా" అన్నాడు. వాడి తప్పేం లేదు, చూసేవాళ్లెవరికైనా అట్లాగే అనిపిస్తుంది.

నీళ్లు తీసేయొచ్చు కదా అంటారు. తీస్తూనే ఉన్నాం. మా చెక్క నీళ్లు పిల్ల కాలువలోకి, అక్కణ్ణుంచి మురుగు కాలువలోకి, చివరికి సముద్రంలోకి పోవాలి. కృష్ణా డెల్టా కొసన ఉన్నవాళ్లం, పై పొలాల నీళ్లన్నీ మా గట్టు పక్క నుంచే పోతాయి. కాలువ నిండుగా ఉంటే మావి దిగవు. పైగా సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మొగ దగ్గర (కాలువ సముద్రంలో కలిసే చోట) నీళ్లు ముందుకి పోక వెనక్కి తంతాయి, అమావాస్య పౌర్ణములకి మరీను. అందుకే మా ఆయన ఈమధ్య ఫోన్లో వాన సూచన కంటే ఆటుపోట్ల వేళలే ఎక్కువ చూస్తున్నారు. ఆటు తీసి కాలువ మట్టం తగ్గగానే గట్టుకి గండి కొట్టి, ఆయిల్ ఇంజను పెట్టి తోడటం. పోటు తిరిగేలోపు గండి పూడ్చెయ్యడం. ఆలస్యమైతే బయటి నీళ్లు లోపలికి వస్తాయి. అర్ధరాత్రి ఆటైతే అర్ధరాత్రే ఆ పని. డీజిల్ ఖర్చు గురించి ఇక్కడ ఏడవను.

ఇసుక చేలో ఆ బాధ లేదు. ఎంత కురిసినా గంటలో ఇంకిపోతుంది. అయితే వేసిన ఎరువు కూడా నీళ్లతో పాటే కిందికి దిగిపోతుంది, తోటకూర పాలిపోయినట్టు కనపడేది అందుకే. కాస్త కాస్తగా, తెరిపి దొరికినప్పుడల్లా జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ఎరువు నీళ్లు) పోస్తున్నాం. ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. దొరువులు అంచుదాకా నిండాయి. తెలియనివాళ్ల కోసం: దొరువంటే ఇసుకలో తవ్వుకున్న లోతు తక్కువ గుంట. సముద్రం దగ్గర కదా, భూమిలో అడుగునంతా ఉప్పునీళ్లే. వాన నీళ్లు తేలిక కాబట్టి దాని మీద పొరగా నిలుస్తాయి. మేం తడులకు వాడేది ఆ పై పొరే, ఆశపడి లోతుకి తోడితే ఉప్పు పైకి వస్తుంది. ఈ ముసురుకి ఆ తీపి పొర మందమవుతోంది. ఏప్రిల్, మే నెలల్లో మీకు గోంగూర, బచ్చలి ఆగకుండా వస్తే ఈ వానకి దణ్ణం పెట్టుకోవాలి.

ఇప్పుడు బుట్టలో ఏం రాదో, ఎందుకు రాదో.

టమాటాకి మచ్చ తెగులు కింది ఆకుల నుంచి ఎక్కింది, కాయలు పగిలాయి. ఇక ఆ తోట మీద ఆశ పెట్టుకోలేదు. మళ్లీ నారు పోశాం.

క్యాలీఫ్లవర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పోయిన వారం పువ్వు మీద గోధుమరంగు మచ్చల ఫొటో పంపి "పాతది పంపారా" అని ఒకరు అడిగారు. పాతది కాదండీ, ఆ పొద్దున కోసిందే. క్యాలీఫ్లవర్ పువ్వు తెల్లగా ఉండాలంటే ఎండ తగలకూడదు. పువ్వు గుప్పెడంత కాగానే దాని ఆకులనే పైకి మడిచి అరటినారతో కట్టేస్తాం. మామూలు చలికాలంలో అది చక్కటి పద్ధతి. ఈ ముసురులో అలా కడితే లోపల నీళ్లు చేరి, గాలాడక, పువ్వు జిగురు తేలి కుళ్లుతుంది. కట్టకుండా వదిలేస్తే వాన చినుకు నేరుగా పువ్వు మీద పడి మచ్చలొస్తాయి, కాస్త ఎండ తగిలినా పసుపు తిరుగుతుంది. రెండిట్లో రెండోది మేలనుకుని కట్లన్నీ విప్పేశాం. కాబట్టి పసుపు పువ్వులే వస్తాయి. మచ్చ ఉన్నంత మేర చాకుతో చెక్కేస్తే లోపల బాగానే ఉంటుంది, మా ఇంట్లో వండుతున్నది అవే.

కొత్తిమీర, మెంతికూర తడిని అసలు ఓర్చుకోవు, మొదట్లోనే కుళ్లిపోయాయి. వాటి బదులు పొన్నగంటి, బచ్చలి, గంగవాయిలకూర ఎక్కువ పెడుతున్నాం. పొన్నగంటి, బచ్చలి తడి చూస్తే రెచ్చిపోతాయి. పొన్నగంటి అయితే గట్ల మీద మేం వేయకుండానే అల్లుకుంది. బచ్చలి వద్దన్నవాళ్లు మెసేజ్ పెట్టండి, మీ బుట్టలో చుక్కకూర వేస్తాను. ఉన్నన్ని కట్టలకే సుమా.

సొరకాయల విషయం వింతగా ఉంది. పాదులు పచ్చగా, పూతకి లోటు లేకుండా ఉన్నాయి, కాయే నిలవడం లేదు. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు పుప్పొడి మోసుకొస్తేనే పిందె నిలబడేది. జల్లు పడే రాత్రి అవి రావు. ఆ పని ఇప్పుడు మా అత్తగారు, నేను చేస్తున్నాం. టార్చిలైటు పట్టుకుని మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, మధ్యనున్న పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా రాయడం. ఆడపువ్వుని పోల్చుకోవడం తేలికే, కింద వేలెడు పిందె ఉంటుంది. ఆవిడ చేత్తో రాసినవి నిలుస్తున్నాయి, నావి సగం రాలుతున్నాయి. ఎందుకో ఆవిడ చెప్పదు, నవ్వుతుంది.

మందుల సంగతి దాచను. మీలో చాలామంది మందులు తక్కువ వాడతామనే మా దగ్గర కొంటున్నారు. ఆకుకూరల మీద ఏ మందూ కొట్టలేదు, కొట్టం. కానీ వంగ, మిరప మొదళ్లలో కాపర్ ఆక్సీక్లోరైడ్ (బూజు తెగుళ్లకు వాడే రాగి మందు) లీటరు నీళ్లకి 3 గ్రాముల లెక్కన కలిపి పోశాం. పోయకపోతే వేరుకుళ్లు తోటంతా పాకేది. సేంద్రియ సేద్యంలో రాగి మందులకు పరిమితంగా అనుమతి ఉన్నా, మందు మందే, అందుకే చెబుతున్నాను. చిక్కుడుకి మబ్బు పట్టిందగ్గర్నుంచి పేనుబంక (రసం పీల్చే చిన్న పురుగు), దానికి వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీళ్లు కలిపి తెరిపిలో కొడుతున్నాం. కాయ మీద కొంచెం చేదు వాసన ఉండొచ్చు, రెండు నీళ్లు పోసి కడిగితే పోతుంది. కొత్త నారుమళ్లకు మాత్రం 90 కిలోల పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మంచి బూజు) కలిపి, గోనెపట్టా కప్పి వారం పైగా మాగబెట్టింది వేశాం. ఎత్తు మళ్ల మీద పోసిన ఆ నారు నిలబడింది. ఇంకెక్కడా పోయకుండా మిగిలిన విత్తనమంతా అక్కడికే మార్చాం.

బయటి సరుకు గురించి. "మార్కెట్లో కొని బుట్ట నింపేయొచ్చుగా, ఎవరికి తెలుస్తుంది" అని మా శ్రేయోభిలాషి ఒకాయన సలహా ఇచ్చారు. తెలుస్తుందో లేదో నాకనవసరం, నేను చేయను. టమాటా లేకుండా ఇల్లు గడవదు అనేవాళ్ల కోసం మదనపల్లె టమాటా విడిగా తెప్పిస్తాను. దాని సంచి మీద "మా తోటవి కావు" అని రాసి ఉంటుంది, కొన్న ధరకి ఆటో ఖర్చు మాత్రం కలుపుతాను. అడిగినవాళ్లకే.

డబ్బు. మామూలు బుట్ట 7 కిలోలు, 450 రూపాయలు. ముసురు వదిలేదాకా 5 కిలోల బుట్ట, 350 రూపాయలు. లెక్కేసుకుంటే కిలోకి ఐదారు రూపాయలు ఎక్కువే పడుతుంది, మీరు అడగకముందే నేనే చెబుతున్నాను. ఆ తేడా కోతకూలికి పోతుంది. బురదలో కోత సగం వేగంతో సాగుతోంది, వానకి పని మధ్యలో ఆపేసిన రోజున కూడా వచ్చినవాళ్లకి పూట కూలి ఇస్తున్నాం. నెల డబ్బు ముందే కట్టినవాళ్లకి మిగిలింది వచ్చే నెలలో తగ్గిస్తాను. ఈ రెండు వారాలూ బుట్ట వద్దు, ఆపండి అన్నా ఏమీ అనుకోను, నిజంగానే.

బండి పొద్దున ఏడుకి కాకుండా మధ్యాహ్నం వస్తుంది. తడి ఆకుకూర కోసి కట్ట కడితే కట్ట నడుమ వేడి పుట్టి, మీ ఇంటికి చేరేసరికి లోపలి ఆకు నల్లబడి జారిపోతుంది. పైకి మాత్రం పచ్చగా కనపడుతుంది, అదే మోసం. అందుకని మంచు విడిచాక, తొమ్మిది దాటాకే కోసి, షెడ్డులో గోనెల మీద పల్చగా పరిచి, ఫ్యాను వేసి, ఆకు చేతికి పొడిగా తగిలాకే కట్టలు కడుతున్నాం. కడగడం లేదు, ఇసుక ఉండేది అందుకే. మీరు కూడా రాగానే కడిగేసి ఫ్రిజ్‌లో పెట్టకండి. కట్ట విప్పి, పొడి గుడ్డలో చుట్టి పెట్టుకుని, వండే ముందు కడుక్కోండి. ఇసుక పోవాలంటే కుళాయి కింద పట్టడం కన్నా వెడల్పాటి గిన్నెలో ముంచి తీయడం మేలు, ఇసుక అడుగుకి దిగుతుంది. నీళ్లు వంపేటప్పుడు ఆకు ముందు తీసెయ్యండి, లేకపోతే మళ్లీ దానికే అంటుకుంటుంది.

సంక్రాంతి బుట్టకి ఇప్పుడే మాట ఇవ్వలేను. గుమ్మడికాయలు ముసురుకి ముందే కోసి అటక మీద పెట్టాం కాబట్టి అవి ఖాయం. చిక్కుడు వస్తుంది. చిలగడదుంప ఇసుకలో బాగానే ఉందనుకుంటున్నాం, తవ్వితే గానీ తెలీదు. కలగాయ కూరకి కావాల్సినవన్నీ మా తోట నుంచే ఇస్తామని గొప్పగా చెప్పేదాన్ని, ఈసారి వంకాయ, చిక్కుడు, గుమ్మడి, చేమ వరకు చెప్పగలను. భోగికి వారం ముందు మళ్లీ రాస్తాను.

వచ్చే ఏడాది కార్తీకం నుంచి సంక్రాంతి దాకా రేగడి చెక్కలో టమాటా, క్యాలీఫ్లవర్ సగానికి తగ్గించి, ఆ మేర చేమ, బచ్చలి వేద్దామని మా ఆయనా నేనూ అనుకున్నాం. మీలో కొందరికి ఇది నచ్చదు. చలికాలం క్యాలీఫ్లవర్ లేకుండా బుట్టేంటి అంటారు. అభిప్రాయం చెప్పండి, నారు పోసేలోపు మార్చుకోవచ్చు.

బుట్ట కావాలో, ఆపాలో, మదనపల్లె టమాటా కలపాలో బుధవారం సాయంత్రంలోపు చెప్పండి. ఇంకొకటి, మీ ఇళ్లలో ఉండిపోయిన మా ఖాళీ వెదురు బుట్టలు ఈసారి బండబ్బాయికి తప్పకుండా ఇచ్చి పంపండి. ఇక్కడున్నవి ఎన్నిసార్లు పొయ్యి పక్కన పెట్టినా ఆరడం లేదు, రెండిటికి బూజు కూడా పట్టింది.