ఐదుగురిని కూర్చోబెట్టి చూడండి

సంపాదకులకు నమస్కారం.

పింఛను మీద బతికే మా నాన్నగారు గత వారం ఒక బ్యాంకు యాప్‌లో కరెంటు బిల్లు కట్టబోయి, మూడుసార్లు ప్రయత్నించి విరమించుకున్నారు. ఓటీపీ చూసుకోవడానికి మెసేజ్‌లలోకి వెళ్లి వచ్చేసరికి నింపిన వివరాలన్నీ చెరిగిపోయేవి. అక్షరాల సైజు పెంచితే 'చెల్లించండి' అన్న బటన్ కీబోర్డు కిందికి జారిపోయేది. తప్పు తనదేనేమోనని ఆయన నొచ్చుకోవడం నాకు మరీ బాధ కలిగించింది.

ఇటువంటి లోపాలను పట్టుకోవడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. యాప్‌ను మామూలు మనుషుల చేత వాడించి చూస్తే చాలు. అలాంటి పరీక్షకు ఒక్కో విడతలో ఐదుగురు సరిపోతారని, దాదాపు 85 శాతం ఇబ్బందులు వారితోనే బయటపడతాయని వెబ్‌సైట్ల వాడుక సౌలభ్యంపై నిపుణుడైన జాకబ్ నీల్సన్ 2000లోనే రాశారు. ఆ లెక్కపై వాదోపవాదాలు లేకపోలేదు గానీ, అసలు ఎవరినీ కూర్చోబెట్టకపోవడం కంటే ఐదుగురు నయమే కదా. అయితే వారు ఆఫీసులోని ఇంజినీర్లు కాకూడదు. కళ్లజోడు లేనిదే చదవలేనివారు, తెలుగు మాత్రమే వచ్చినవారు, చిన్న తెర ఫోను వాడేవారు ఉండాలి. చేయవలసిన పని చెప్పి, ఎక్కడ నొక్కాలో మాత్రం చెప్పకుండా, వారి వేలు ఎక్కడ తడబడుతోందో పక్కన మౌనంగా కూర్చుని రాసుకోవాలి. ప్రజాధనంతో తయారయ్యే యాప్‌ల టెండర్లలోనైనా ఈ పరీక్షను తప్పనిసరి షరతుగా చేర్చాలని ప్రభుత్వాలను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తెనాలి