పాలిచ్చే అమ్మలు మందులు వేసుకోవడం గురించి

పాలిస్తూ జ్వరం మాత్ర వేసుకోవచ్చా అని మన గ్రూపులో అడిగిన చెల్లికీ, మిగతా అమ్మలకీ కలిపి చెబుతున్నా. పారాసిటమాల్ వేసుకోవచ్చు, పాలు మాన్పక్కర్లేదు. నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ కూడా పాలలోకి చాలా తక్కువే వెళ్తుంది. కడుపులో పుండు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం దాని జోలికి వెళ్ళొద్దు.

మాత్ర వేసుకున్నావు కదా, రెండ్రోజులు డబ్బా పాలు పట్టు అని ఇంట్లో పెద్దవాళ్ళు అంటారు. ప్రేమతోనే లెండి. కానీ చాలా మందులకి ఆ అవసరం లేదు, పైగా ఆపితే రొమ్ములు గడ్డకట్టి పాలు తగ్గుతాయి.

అసలు చూసుకోవాల్సింది మెడికల్ షాపువాడు చేతిలో పెట్టే జలుబు మాత్ర. అందులో మూడు నాలుగు మందులు కలిసి ఉంటాయి. చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది, విడిగా ఇంకోటి వేస్తే డోసు రెట్టింపు. తుమ్ములు, ముక్కు కారడం తగ్గించే క్లోర్‌ఫెనిరమిన్ ఉంటే మీతో పాటు బిడ్డకీ మగత రావచ్చు. ముక్కు దిబ్బడకి ఇచ్చే సూడోఎఫెడ్రిన్ పాలనే తగ్గిస్తుంది. అట్ట వెనక పేర్లు చదవండి.

కోడీన్ ఉన్న దగ్గు సిరప్, ట్రమడాల్ అనే నొప్పి మందు వద్దే వద్దు. కొందరి ఒంట్లో కోడీన్ త్వరగా మార్ఫిన్ అనే బలమైన మత్తు మందుగా మారి పాలలోకి వెళ్తుంది, బిడ్డకి ఊపిరి మందగిస్తుంది. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ సంస్థ 2017లోనే హెచ్చరించింది.

ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, పంటి డాక్టరైనా సరే, పాలిస్తున్నానని ముందే చెప్పండి. బిడ్డ వయసు, నెలలు నిండకుండా పుడితే ఆ సంగతీ చెప్పండి. థైరాయిడ్, బీపీ, ఫిట్స్ మందులు సొంతంగా ఆపకండి.

బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా, పాలు తాగకపోయినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా గ్రూపులో మెసేజ్ పెట్టి కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.